ఈశాన్యంలో తొట్టి, ఆగ్నేయంలో పొయ్యి

మౌనీ, ముందు ఆ ఫోను అవతల పెట్టి సరిగ్గా కూర్చో. ఒక కాలు మంచం మీద, ఇంకో కాలు గుమ్మం బయట పెట్టుకుని వినే సంగతి కాదు ఇది. చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నీ ఇంటర్ తెలివితేటలు కలపకు. నా వేళ్ళు ఇంకా పెన్ను పట్టుకునేంత దారికి రాలేదు గానీ, నోటికి మాత్రం ఏ జ్వరమూ రాలేదు. ఆ సంగతి మీ తాతయ్యకు బాగా తెలుసు.

ఎందుకు రాయిస్తున్నానో అది కూడా రాయి. పొద్దున ఏన్కూరు నుంచి ఒకావిడ ఫోను. నిన్న సత్తుపల్లి నుంచి ఇంకొకావిడ. "మీ పెరట్ల గుండ్రటి తొట్టి ఉందంట గదమ్మా, దాంట్ల కూసుంటే చికున్‌గున్యా నొప్పులు పోయినయంట, యాడ దొరుకుతది?" అని. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పుకుంటూ పోతే పొయ్యి మీద కూర మాడిపోతోంది. రాసి పెడితే అందరూ చదువుకుంటారు.

తొట్టి వల్లే తగ్గిందని మాత్రం రాయకు. డాక్టరమ్మ మందులిచ్చింది, నెలలు గడిచాయి, ఒళ్ళు తన తీరుబడికి తను కోలుకుంది. తొట్టి ఏం చేసిందో అది నేను చెబుతాను, వాళ్ళే తేల్చుకుంటారు.

శ్రావణం. నువ్వు హాస్టల్లో ఉన్నావు. వరలక్ష్మీ వ్రతం నాడు పొద్దున్నే పెరట్లో కరివేపాకు తుంచుతున్నాను. ఉన్నట్టుండి ఒళ్ళంతా వణికింది. మధ్యాహ్నానికి దుప్పట్లో ఉన్నాను. వ్రతం మీ అమ్మే చేసుకుంది. మీ అమ్మంటే నా కోడలు అరుణ, అలా రాయి, చదివేవాళ్ళకు తెలియాలిగా. మర్నాడు లేచి పిడికిలి విప్పబోతే వేళ్ళు నా మాట వినలేదు. నేల మీద పాదం పెడితే పల్లేరుకాయల మీద పెట్టినట్టుంది. అప్పటికి మన వీధిలో సగం మందికి ఇదే. అందరూ నడుం వంచి నడుస్తుంటే ఎవరు ఎవరికి దణ్ణం పెడుతున్నారో తెలిసేది కాదు.

జ్వరం వారానికి పోయింది. నొప్పులు పోలేదు. వీధిలో వాళ్ళు ఒక్కొక్కరే నిటారుగా లేస్తున్నారు, పత్తిచేలకు పోతున్నారు. నేను మాత్రం మంచం పట్టీ పట్టుకునే ఉన్నాను. రవిక హుక్కు పెట్టుకోలేను. గ్లాసు ఎత్తలేను. కింద కూర్చుంటే లేవలేను. అన్నం కలుపుకోబోతే ముద్ద వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది. మీ తాతయ్య చూడనట్టు పక్కకు తిరిగేవారు. ఆయన చూడనట్టు ఉండటమే నాకు ఎక్కువ బాధ.

ఇక స్నానం. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసింది నేను. బాలింత ఒళ్ళు నొప్పులకు మన వైపు అలాగే పోస్తారు. అప్పుడు అది సిగ్గుతో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే "నా దగ్గర సిగ్గేంటే, చేతులు తియ్యి" అని కసిరాను. ఇప్పుడు నేను పీట మీద అలా ముడుచుకుని కూర్చున్నాను. అరుణ చెంబు పట్టుకుని, "నా దగ్గర సిగ్గేంటత్తయ్యా, చేతులు తియ్యండి" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు భయమేసింది. ఇలా ఎన్నాళ్ళు?

అరుణ అంగన్‌వాడీ టీచరు. ఆ ఉద్యోగం కోసం ఎంత తిరిగిందో నీకు తెలియదు, నువ్వు చిన్నదానివి. నా కోసం సెలవు పెట్టింది. ఒక సాయంత్రం కిటికీ అవతల మీ నాన్నతో అంటుంటే విన్నాను.

"జనవరి దాకా సెంటర్లో పిల్లల్ని ఆయమ్మ చూసుకుంటుందంట. తర్వాత నేను రాకపోతే వేరేవాళ్ళని పెడతారంట. మానేస్తాలే శ్రీనూ."

"ఇంకొన్నాళ్ళు చూద్దాం."

"చూస్తే మాత్రం? ఆవిడ ఒక్కతే స్నానం చేసి లేవగలగాలిగా. లేకపోతే నేనెలా పోతాను?"

ఆ గొంతులో విసుగు ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. విసుగు లేదు. నిర్ణయించేసుకున్న గొంతు అది. ఆ రోజు నుంచి నా జబ్బుకు ఒక గడువు వచ్చింది. నొప్పులు ఉంటే ఉండనీ, జనవరి లోపల నా స్నానం నేను చేసుకుని లేవాలి. దాని ఉద్యోగం నా మోకాళ్ళ మీద పోకూడదు.

భాద్రపదంలో మీ నాన్న నన్ను ఖమ్మం తీసుకెళ్ళాడు. ఆ దవాఖానాలో కూర్చునే చోటు నీకు చెప్పాలి. కుర్చీలన్నీ ఒకదానికొకటి ఇనపకడ్డీతో అతికించి ఉంటాయి. ఒకరు లేస్తే వరుసంతా ఊగుతుంది, వరుసంతా "అబ్బా" అంటుంది. టోకెన్ నంబరు ఎర్రగా వెలుగుతూ ఉంటుంది గానీ మారదు. మీ నాన్న మందుల చీటీ పట్టుకుని ఎటో పోయాడు. నాకు దాహమేసింది. సీసా ఉంది, మూత రాదు. పళ్ళతో కూడా ప్రయత్నించాను.

పక్క కుర్చీలో ఒకామె, నా వయసే ఉంటుంది, మెడలో పూసలు, మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఉంది. "ఇటియ్యి అక్కా" అని సీసా లాక్కుని మూత తీసి నా నోటికి అందించింది. పేరు కన్నమ్మట. చర్ల అవతల అడవిలో ఊరు. కొడుకుతో రెండు బస్సులు మారి వచ్చింది.

"నీ చేతులు గట్ల, నా కాళ్ళు గిట్ల," అంది. "ఇద్దరం కలిస్తే ఒక మంచి మనిషయితం."

"బోర్డు మీద నీ నంబరు వస్తే నేను చెబుతాలే," అన్నాను. ఆమెకు ఆ అంకెలు కనబడట్లేదు.

మాటల్లో గోదారి వచ్చింది. "నీళ్ళు తగ్గినంక భద్రాచలం రా అక్కా. గుండాల కాడ ఇసుకల గుండ్రంగ గుంట తీస్తే వేడినీళ్ళు ఊరుతయి. నడుము దాక కూసుంటే పాణం లేసొస్తది."

నాకు గుర్తుంది మౌనీ. పెళ్ళైన కొత్తలో ముక్కోటికి పోయినప్పుడు మీ తాతయ్య చేత్తో ఇసుక తవ్వితే అడుగున నీళ్ళు వెచ్చగా ఊరాయి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని ఆ గుంటలో కూర్చుని ఎంతసేపటికీ లేవనన్నాను.

"ఇప్పుడు పోతే?" అన్నాను ఆశగా.

"ఇప్పుడా! ఇప్పుడు గోదారే మనింటికొస్తది!" అని ఆమె నవ్వితే కుర్చీల వరుసంతా ఊగి, అందరూ మమ్మల్ని తిట్టారు. ఆమె నంబరు ముందు వచ్చింది. లేచి పోతూ సీసా మూత వదులుగా పెట్టి నా ఒళ్ళో పెట్టింది. మళ్ళీ బిగిస్తే నాకు రాదని.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని మెల్లగా వంచి చూసింది. "ఇది పోతుందమ్మా, కానీ నిదానంగా పోతుంది. నొప్పని కదపకుండా దాచుకుంటే కీళ్ళు బిగుసుకుపోతాయి. వేడినీళ్ళలో కూర్చుని ఆడించండి."

"బకెట్లో కాళ్ళు పెట్టుకుంటే చాలదా?"

"కాళ్ళకు చాలు. మరి నడుముకీ మోచేతులకీ?"

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా నా కళ్ళ ముందు ఆ ఇసుక గుంటే. గోదారి దగ్గరికి నేను పోలేను. ఆ గుంటే మన పెరట్లోకి రావాలి.

ఆశ్వయుజం అంతా తొట్టి ఎంచడంతోనే సరిపోయింది. మీ నాన్న ఫోన్లో బొమ్మలు తెచ్చాడు. "అమ్మా, ఇది చూడు. గుండ్రంగా ఉంది, బుడగలొస్తాయి, రంగు లైట్లు వెలుగుతాయి."

"బుడగలెందుకురా? నేనేమన్నా దుప్పటినా, నానబెట్టి మురికి తియ్యడానికి? కరెంటు పోతే ఆ లైట్లు, బుడగలు, నేను, అందరం కలిసి చల్లారాలా?"

ఇంకో బొమ్మ చూపించాడు. గాలి కొట్టి ఉబ్బించేదట. మీ అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మన కోతులు దాన్ని పూరీ అనుకుంటాయి." నిజమే. అడవి నుంచి దిగిన కోతులు మన డాబా మీద డిష్షే ఉంచలేదు. గాలి తొట్టిని బతకనిస్తాయా?

మీ తాతయ్య సిమెంటుతో నలుచదరంగా కట్టిద్దామన్నారు. నేను వద్దన్నాను. మూలలుంటే పాచి పడుతుంది, పాచి తోమాలంటే మోచెయ్యి వంగాలి. వంగే మోచెయ్యే ఉంటే తొట్టెందుకు? పైగా తూలితే మూల తగులుతుంది. గుండ్రటిదైతే ఎటు తూలినా ఆనుకోవచ్చు.

అప్పుడు మీ అమ్మే అంది. "బావిలో దించే సిమెంటు ఒరలు గుండ్రంగానే ఉంటాయిగా అత్తయ్యా. రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, అడుగు మూసేస్తే?"

ఆ సాయంత్రమే ఆటో పిలిపించాను. చీరైనా చెంబైనా చేత్తో పట్టి చూడందే కొనే అలవాటు నాకు లేదు. ఒరలు పోసే చోటు రోడ్డు పక్కనే. సైదులు అని, మోచేతుల దాకా సిమెంటుతో వచ్చాడు.

"ఏందమ్మా, బావి యాడ తీపిస్తున్నరు?"

"బావికి కాదయ్యా. నేను కూర్చోవడానికి."

అతను మీ అమ్మ వంక చూశాడు, ఈవిడకు జ్వరం ఇంకా ఉందా అన్నట్టు. "అందరు బావిల పడకుండ ఒరలు కట్టుకుంటరు. మీరు పడనీకి కొంటున్నరా?"

సంగతి చెప్పేసరికి నవ్వడం మానేసి భార్యను పిలిచాడు. మీ అమ్మ ఒక రెక్క, ఆమె ఒక రెక్క పట్టుకుని రెండేసి పేర్చి ఉన్న ఒరల్లో నన్ను ఒక్కోదాంట్లో కూర్చోబెట్టారు. పెద్దదాంట్లో చేతులు చాపినా అంచు అందలేదు, చెరువులో కప్పలా ఉన్నాను. చిన్నదాంట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మధ్యదాంట్లో కూర్చుని రెండు చేతులూ పక్కలకు పెడితే అంచు సరిగ్గా అరచేతుల కిందకు వచ్చింది. ఇది జాగ్రత్తగా రాయి మౌనీ, ఫోన్లు చేసేవాళ్ళకు ఇదే కావాలి. వేళ్ళు మూసుకోకపోయినా ఫర్వాలేదు. అరచేతి మడమతో నొక్కి పైకి లేవగలగాలి. తొట్టిలోకి దిగడం ఎవరికైనా వస్తుంది. లేవడానికి పనికొచ్చేదే తొట్టి.

నేను ఒరలో కూర్చుని చేతులాడిస్తుంటే రోడ్డు మీద పోయే బస్సు కూడా నెమ్మదించింది. నేను చెయ్యూపాను. నవ్వకు, రాయి.

"లోపల గరుకుంటదమ్మా, ఒళ్ళు గీసుకపోతది," అన్నాడు సైదులు. "నేనొచ్చి నున్నగ రుద్దిపోత." ఆదివారం నిజంగానే వచ్చి, లోపలంతా పలచటి సిమెంటు పాలు పూసి, పసిపిల్ల బుగ్గలా చేసి, టీ తాగి పోయాడు. ఆ పని ఎవరూ అడగలేదు.

ఇక ఇప్పుడు మీ తాతయ్య. ఆయన చొక్కా జేబులో దిక్సూచి లేకుండా బయటికి పోరు. వాస్తు అని ఆయన ఒక్క మాటంటే ఊళ్ళో గుమ్మాలు తిరిగిపోతాయి. అలాంటి మనిషికి నా తొట్టి వచ్చి పెద్ద చిక్కు పెట్టింది. నీళ్ళుండాల్సింది ఈశాన్యంలో. నిప్పుండాల్సింది ఆగ్నేయంలో. మరి వేడినీళ్ళ తొట్టి ఎక్కడ? ఆయన రెండు రోజులు పెరట్లో టేపు పట్టుకుని తిరిగారు. మన ఇల్లు పడమటి ముఖం, వెనక పెరడు తూర్పు. ఒక కొస ఈశాన్యం, ఇంకో కొస ఆగ్నేయం. చివరికి తీర్పు వచ్చింది. తొట్టి ఈశాన్యంలో, సగం భూమిలోకి దించి. నీళ్ళు కాచే రాగి కాగు ఆగ్నేయంలో, వంటింటి పక్కన. మధ్యలో పెరడంతా ఉంది, జామచెట్టుతో సహా.

ఇలాంటి పొరపాటు ఇంకెక్కడైనా చేస్తారో లేదో నాకు తెలియదు గానీ, మనం మాత్రం కళ్ళు తెరుచుకునే చేస్తాం.

కార్తీకం. చలి మొదలైంది. అరుణ ఆ కొస నుంచి ఈ కొసకు బకెట్లతో మరుగునీళ్ళు మోసేది. చివరి బకెట్ వచ్చేసరికి మొదటిది చల్లారిపోయేది. నేను తొట్టిలో కూర్చున్నాక అది "ఎలా ఉందత్తయ్యా?" అంటే "బాగుంది" అనేదాన్ని. వాన నీళ్ళలో కూర్చున్నట్టుండేది. కానీ దాని మణికట్టుకు గుడ్డ చుట్టుకుని ఉంది, బాగాలేదని ఎలా అనను? నా నొప్పులు తగ్గించబోయి దానికి నొప్పులు అంటిస్తున్నాం. ఇంట్లో మాటలు తగ్గాయి. మీ నాన్న అన్నం తింటూ మీ తాతయ్య వైపు చూసేవాడు కాదు.

ఒకరోజు అరుణ అడగనే అడిగింది. "మావయ్యా, కాగు ఇటు తెచ్చుకుందామా?"

"ఈశాన్యంలో నిప్పా! ఇంకేమన్నా ఉందా?"

"పోనీ తొట్టి అటు."

ఆయన లేచారు. కండువా దులిపి భుజాన వేసుకుని వీధిలోకి పోయారు. అందరం ఒకటే అనుకున్నాం, ముసలాయన పంతం అని. నేను కూడా అనుకున్నాను. క్యాలెండర్ చూస్తే జనవరి దగ్గరికొస్తోంది. నా మోకాలు అక్కడే ఉంది.

మార్గశిరంలో ఒక పొద్దున. పెరట్లో మంచు. నేను తొట్టిలోంచి లేచాను, అంటే అరుణ లేపింది. పొడిచీర చుట్టింది. ఇంతలో దాని ఫోను మోగింది, సూపర్‌వైజరు. "మెల్లగా వస్తుంటాలే, పో" అన్నాను. జామచెట్టు దాకా వచ్చాను. అక్కడ అడవి వైపు నుంచి చల్లటి గాలి ఒక్కటి కొట్టింది చూడు, మోకాళ్ళు రెండూ తాళం పడిపోయాయి. ముందుకు పోలేను, వెనక్కి పోలేను. కేక వేస్తే అరుణ ఫోను మధ్యలో పెట్టేసి పరిగెత్తుకొస్తుంది. అందుకని కేక వేయలేదు. చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడ్డాను.

మీ తాతయ్య చూశారు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ, శాలువా చంకలో పెట్టుకుని వచ్చారు.

"నడవలేకపోతున్నావా?"

"నడవగలిగితే జామచెట్టుకు కాపలా ఎందుకుంటానండీ?"

కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆయన చెట్టు మొదట్లో రాయి మీద కూర్చున్నారు. అటు తొట్టి, ఇటు కాగు, మధ్యలో మేమిద్దరం. ఆయన కాసేపు అటు చూశారు, ఇటు చూశారు. టేపుతో కొలిచినప్పుడు కనబడని దూరం అప్పుడు కనబడినట్టుంది.

"తొట్టి ఆ వైపు పెడితే మీకేం పోయింది?" అన్నాను.

"ఆగ్నేయంలో గొయ్యి పనికిరాదు."

"ఉంటే ఏమవుతుంది?"

"ఇంటి ఆడమనిషికి..." అని ఆగారు. జేబులో దిక్సూచి తడుముకున్నారు. "శ్రావణం నుంచి నిన్ను చూస్తున్నాను సరోజా. రాత్రిళ్ళు మూలుగుతుంటే వింటున్నాను. ఇప్పుడు నా చేత్తో నేనే ఆ గొయ్యి తవ్వనా?"

పెళ్ళైనప్పటి నుంచి ఈ మనిషితో కాపురం చేస్తున్నాను మౌనీ. పంతం ఏదో, భయం ఏదో నాకు తెలుసుననుకున్నాను. బకెట్లు మోసి అలసిపోయిన దానికీ, చన్నీళ్ళలో వణికిన నాకూ, ఎవరికీ తట్టలేదు ఆయన భయపడుతున్నారని. ఊరందరికీ వాస్తు చెప్పే మనిషి, తన ఇంట్లో దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. ఆయన చేతిలో ఉన్న మందు అదొక్కటే మరి.

నాకు తిట్టాలనిపించలేదు. ఆయన దారిలోనే పోయాను.

"గొయ్యేగా వద్దంది? తవ్వకండి. నేల మీద పెట్టండి."

"నేల మీదైనా నీళ్ళేగా."

"కాగులో ఉన్నవి మాత్రం నీళ్ళు కావా? అది ఆగ్నేయంలోనేగా ఉంది. దానికి లేని దోషం నా తొట్టికొచ్చిందా?"

ఆయన గడ్డం గోక్కున్నారు. చాలాసేపు గోక్కున్నారు. మంచు కరిగి ఎండ కూడా వచ్చింది. "భూమిలోకి దిగకపోతే అది గొయ్యి కాదు," అన్నారు మెల్లగా. "పాత్ర అవుతుంది. పొయ్యి పక్కన పాత్ర ఉండటంలో తప్పేముంది? అసలు ఉండాల్సిందే అక్కడ!" శాస్త్రాన్ని తనే కనిపెట్టినట్టు లేచి నిలబడ్డారు. నేను "అవునండీ, నాకు తోచలేదు సుమా" అన్నాను. అంత సంబరంలో ఉన్న మనిషిని ఎందుకు చెడగొట్టాలి?

గడ్డపార ఆయనే తెచ్చారు. సైదులుకు ఫోన్ చేస్తే వచ్చాడు. "ఏంది పెద్దాయనా, దిక్కులు మారినయా?" అన్నాడు. "దిక్కులు మారవయ్యా, మనం మారాలి," అన్నారు మీ తాతయ్య, ఎప్పటినుంచో అదే చెబుతున్నట్టు. అడుగు పగలగొట్టి ఒరలు పైకి తీసి దొర్లించారు. గుండ్రటివి కాబట్టి దొర్లాయి, నలుచదరం తొట్టయితే అక్కడే సమాధి అయ్యేది. ఒకటి మీ నాన్న చెయ్యి జారి, గోంగూర మడి మొత్తం చదును చేసి, గోడకు గుద్దుకుని ఆగింది. మీ నాన్న, తాతయ్య ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. కార్తీకం తర్వాత ఆ ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

నేల మీద పెట్టేసరికి ఇంకో మేలు జరిగింది, ఎవరూ అనుకోనిది. అంచు కుర్చీ ఎత్తుకు వచ్చింది. సైదులు దాని మీద అరుగులా వెడల్పుగా గట్టు పోశాడు. గట్టు మీద కూర్చోవడం, పక్కకు తిరగడం, ఒక కాలు లోపల, తర్వాత రెండో కాలు. ఎగిరి దాటే పని లేదు. కాగుకు కొళాయి పెట్టి గొట్టం తొట్టిలోకి వదిలారు. బకెట్లు మూల పడ్డాయి. అడుగున తూము పెట్టించాం, రోజూ నీళ్ళన్నీ అరటి చెట్లకు పోతాయి. ఇది కూడా రాయి, మరిచిపోకు. నీళ్ళు నిలవుంచొద్దు, తొట్టి మీద మూత వేయాలి. లేకపోతే ఏ దోమ మనల్ని మంచాన పడేసిందో దానికే పురుడు పోసినట్టవుతుంది. నీళ్ళ వేడి మోచేత్తో చూసుకోవాలి. షుగరున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు, వాళ్ళ పాదాలకు కాలేది తెలియదు.

మొదటి రోజు ఆ నీళ్ళలో కూర్చుంటే నడుము దాకా వెచ్చగా, అచ్చం ఆ ఇసుక గుంటే. నోట్లోంచి "అమ్మయ్య" అని ఎంత గట్టిగా వచ్చిందంటే పక్కింటి వాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. వావిలాకు రెండు కొమ్మలు అరుణ వేసింది. నీళ్ళలో పిడికిలి మూస్తూ తెరుస్తూ, ఆవు పాలు పితికినట్టు. మొదట్లో సగమే మూసుకునేది. తర్వాత బొటనవేలు చూపుడువేలికి తగిలింది. అలా ఒక్కో వేలూ. చిటికెనవేలు బొటనవేలికి అందిన రోజు నేను అందర్నీ పిలిచి చూపించాను. మీ నాన్న షాపుకు పోయేవాడు వెనక్కి వచ్చి చూశాడు.

అన్నీ సుఖంగా జరిగాయనుకోకు. మధ్యలో మీ తాతయ్య కాగు కింద కట్టెలైపోయాయని, చేలో ఎండిన మిరపకట్టె తెచ్చి పెట్టారు, తాలుకాయలతో సహా. ఇంక చూడు! నేను తొట్టిలో దగ్గు, ఆయన పొయ్యి దగ్గర దగ్గు, వీధిలో కుక్కలు దగ్గు. లేవలేను కదా, నీళ్ళలో ముక్కు మూసుకుని కూర్చుని, "వాస్తులో దీని గురించి రాయలేదా అండీ!" అని అరిచాను.

కొన్ని పొద్దులు మళ్ళీ ఒళ్ళు కొయ్యలా ఉండేది. నిన్న వచ్చిన వేలు ఇవాళ వచ్చేది కాదు. అలాంటి రోజు మొండిగా ఏడ్చాను కూడా. అరుణ తిట్టలేదు, ఓదార్చలేదు. ఇంకో చెంబు వేడినీళ్ళు పోసి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీసింది. అదే నాకు బాగుండేది. ఈ జబ్బు పైకీ కిందికీ పోతూ తగ్గుతుందని తెలియక చాలామంది మధ్యలోనే దిగులు పడిపోతారు, వాళ్ళకు ఈ ముక్క చదివి వినిపించమని రాయి.

పుష్యం వచ్చింది, జనవరి వచ్చింది. మిరపకోతలకు మనుషులు పోతున్నారు. ఒక ఉదయం తొట్టిలో ఉన్నాను. అరుణ ఎప్పటిలా రెక్క పట్టుకోబోయింది.

"అటు తిరిగి నిలబడు," అన్నాను.

"ఎందుకత్తయ్యా?"

"తిరగవే అంటే."

అది తిరిగింది. రెండు అరచేతులూ గట్టు మీద పెట్టాను. నొక్కాను. మోకాళ్ళు పచ్చికర్రలా కిర్రుమన్నాయి. సగం లేచి మళ్ళీ నీళ్ళలో కూలబడ్డాను. చప్పుడుకు అరుణ భుజాలు కదిలాయి. "తిరక్కు!" అన్నాను. అది తిరగలేదు. చీర కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది, వెనకనుంచి నాకు కనబడుతోంది. మళ్ళీ నొక్కాను. ఈసారి నడుము లేచింది, గట్టు మీదికి చేరింది. ఒక కాలు బయటికి. ఊపిరి. రెండో కాలు. తువ్వాలు నేనే అందుకుని ఒళ్ళో వేసుకున్నాను.

"ఇప్పుడు తిరుగు."

అది తిరిగి చూసింది. వచ్చి నా తల తుడిచింది, అవసరం లేకపోయినా. తర్వాత లోపలికి పోయి ఫోను తీసి, "మేడమ్, సోమవారం నుంచి వస్తాను" అంది.

సోమవారం పొద్దున పిల్లల ఆటబొమ్మల సంచీ భుజాన వేసుకుని స్కూటీ తీసింది. మునుపు కొట్టుకు పోయినా గేటు దాకా పోయి మళ్ళీ వచ్చి, "మంచినీళ్ళు అందుతున్నాయా? కర్ర దగ్గరుందా?" అని అడిగేది. ఆ రోజు అడగలేదు మౌనీ. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను, చూస్తుందేమోనని. స్కూటీ చప్పుడు మలుపు దాటింది. అప్పుడు లోపలికొచ్చి తడి ఆరిన జుట్టు రెండు చేతులా పైకెత్తి కొప్పు ముడేసుకున్నాను. వంకరగానే వచ్చిందనుకో. రెండు పిన్నులు కింద పడ్డాయి, వాటిని వదిలేశాను. అద్దంలో చూసుకుంటే, నాకేమనిపించిందంటే...

ఆఁ? ఆఁ, వినబడిందండీ! మీ తాతయ్య. పప్పు చల్లారిపోతోందట. మీ అమ్మ అంగన్‌వాడీకి పోయిన రోజుల్లో మధ్యాహ్నం వడ్డన ఆయనదే, పిలిచిన వెంటనే పోకపోతే వంటింట్లోంచి గరిటె పట్టుకుని ఇక్కడికే వచ్చేస్తారు. వద్దు, నువ్వు లేవకు, చెయ్యి ఇవ్వకు, నేనే లేస్తాను. ఇదిగో, లేచాను. ఎక్కడిదాకా రాశావు? అద్దం దాకానా? ఆ, అద్దంలో చూసుకుంటే నాకు...

"సరోజా! ఉప్పు వేశానో లేదో నువ్వే వచ్చి చెప్పు!"

వస్తున్నానండీ, ఈ ఒక్క ముక్క రాయించి...